ఉద్యోగం పోయిన మాట ఎలా చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా వాటిది ఒకటే బాధ. ఉద్యోగం పోవడం ఒక కష్టమైతే, పోయిందని నలుగురికీ చెప్పుకోవలసి రావడం అంతకు మించిన కష్టంగా మారిందని ఎక్కువమంది రాశారు. ఇంటర్వ్యూలో నోరు పెగలడం లేదని కొందరు, సొంత ఇంట్లోనే చెప్పలేకపోతున్నామని కొందరు, వృత్తి మారుతుంటే అందరూ వింతగా చూస్తున్నారని ఇంకొందరు తమ అనుభవాలు పంచుకున్నారు. వాటిలో ఆరు ఉత్తరాలను, రాసినవారి వివరాలు తెలియకుండా కుదించి, ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. ఒకే సంస్థలో 14 ఏళ్లు పనిచేశాను. చివరి 5 ఏళ్లు ఒక టీమ్‌ను నడిపాను. నాలుగు నెలల క్రితం సంస్థ మా విభాగాన్నే మూసివేసి అందరినీ తొలగించింది. ఇంటర్వ్యూలలో పని గురించి అడిగినంతసేపూ బాగానే మాట్లాడతాను. "పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అని అడగగానే గొంతు మారిపోతుంది. సంస్థ ఆర్థిక పరిస్థితి, యాజమాన్యం మారడం, మా విభాగానికి జరిగిన అన్యాయం, నాకు వచ్చిన మంచి రేటింగులు, అన్నీ చెప్పుకుంటూ పోతాను. మధ్యలో ఆపలేను. బయటికి వచ్చాక నా మీద నాకే చిరాకు వేస్తుంది. దీనికి ఎలా జవాబివ్వాలి?

జవాబు: వారు అడిగింది ఒక చిన్న ప్రశ్న. మీరు చెబుతున్నది మాత్రం ముద్దాయి ఇచ్చుకునే వాంగ్మూలంలా ఉంటోంది. మీ మీద ఎవరూ నేరం మోపలేదు. మీరే మానుకున్నారా, మిమ్మల్ని తీసేశారా, తీసేస్తే అది మీ పని వల్లనా, సంస్థ అవసరాల వల్లనా అన్నది తెలుసుకోవడానికే ఇంటర్వ్యూ చేసేవారు చాలావరకు ఆ ప్రశ్న అడుగుతారు. ఆ సంగతి తేటగా తెలిస్తే తరువాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. చెప్పడానికి మీరు ఇబ్బంది పడుతున్నారని తోస్తే మాత్రం అక్కడే ఆగి ఆరా తీస్తారు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో ఆమోదించిన 158వ ఒడంబడిక, ఉద్యోగిని తొలగించడానికి చెల్లే కారణాలు మూడు రకాలని చెబుతుంది: ఉద్యోగి సామర్థ్యానికి సంబంధించినవి, ప్రవర్తనకు సంబంధించినవి, సంస్థ నిర్వహణ అవసరాల వల్ల ఏర్పడినవి. ఆ ఒడంబడికలో అన్ని దేశాలూ చేరలేదు గానీ, జవాబు సిద్ధం చేసుకునేవారికి ఈ విభజన చాలా ఉపయోగపడుతుంది. నోరు విప్పే ముందు తమది ఈ మూడింటిలో ఏ రకమో ఎవరికి వారు తేల్చుకోవాలి. మీది నిస్సందేహంగా మూడో రకం.

ఈ తేడాను యజమానులు నిజంగానే లెక్కలోకి తీసుకుంటారు. ఆర్థికవేత్తలు రాబర్ట్ గిబన్స్, లారెన్స్ కాట్జ్ 1991లో ప్రచురించిన పరిశోధనలో, సంస్థ మూతపడడం వల్ల ఉద్యోగాలు పోయినవారిని, సంస్థ నడుస్తుండగానే లేఆఫ్‌లో ఉద్యోగాలు పోయినవారిని పోల్చి చూశారు. ఆఫీసు ఉద్యోగాలు చేసేవారిలో, లేఆఫ్‌కు గురైనవారి జీతాలే తరువాత ఎక్కువగా తగ్గాయి, వారే ఎక్కువ కాలం ఖాళీగా ఉండవలసి వచ్చింది. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో ఎంచుకునే వీలు యాజమాన్యానికి ఉన్నప్పుడు, పంపించినవారిలో ఏదో లోపం ఉండే ఉంటుందని బయటివారు ఊహించుకుంటారని వారి వివరణ. అందరినీ పంపించేసినప్పుడు ఆ ఊహకు ఆధారమే ఉండదు. అందువల్ల "మా విభాగం మొత్తాన్ని మూసివేశారు" అన్నదే మీ దగ్గరున్న అన్నిటికన్నా బలమైన వాక్యం, కానీ మీ వివరణల మధ్య అది వినేవారి చెవిన పడకుండా పోతోంది.

ఇలా చెప్పి చూడండి: "సంస్థ వ్యాపారాన్ని తగ్గించుకుంటూ మా విభాగాన్ని నాలుగు నెలల క్రితం మూసివేసింది. నాతో సహా అందరి ఉద్యోగాలూ పోయాయి. అక్కడ 14 ఏళ్లు పనిచేశాను. టీమ్‌ను నడిపిన చివరి 5 ఏళ్లలో కొత్తవారిని తీర్చిదిద్దే పని నాకు బాగా నచ్చింది. మీరు ప్రకటించిన పోస్టులో ఆ బాధ్యతే ప్రధానమని చూసి దరఖాస్తు చేశాను." ఇందులో మొదటి రెండు వాక్యాలు జరిగినదాన్ని చెబుతాయి, మిగిలినవి మీ పని గురించి, వారి అవసరం గురించి. మొత్తం అర నిమిషం కూడా పట్టదు. ఆ తరువాత ఆగిపోండి. ఆగినప్పుడు ఏర్పడే నిశ్శబ్దాన్ని భరించలేకనే చాలామంది అక్కర్లేని సంగతులు చెప్పడం మొదలుపెడతారు. ఆ నిశ్శబ్దంలో ఎదుటివారు బహుశా మీ జవాబును కాగితం మీద రాసుకుంటూ ఉంటారు, అంతే.

మంచి రేటింగుల సంగతి వారు అడిగితే చెప్పండి, అడగకుండా మాత్రం చెప్పకండి. అడగకుండా చెప్పిన గొప్ప సంజాయిషీలాగే వినిపిస్తుంది. యాజమాన్యం చేసిన అన్యాయం గురించి అసలే వద్దు. అది నిజమే కావచ్చు, కానీ వినేవారికి ఆ యాజమాన్యం ఎవరో తెలియదు, వారికి కనిపించేది మీ కోపం ఒక్కటే.

అయితే ఆ కోపం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. దీనికి సంబంధించి స్టెఫానీ స్పెరా, ఎరిక్ బూర్‌ఫీండ్, జేమ్స్ పెన్నెబేకర్ 1994లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఉద్యోగాలు పోయిన కొందరు వృత్తి నిపుణులలో ఒక బృందాన్ని, ఆ ఘటన గురించి తమ మనసులో ఉన్నదంతా వరుసగా 5 రోజులు, రోజుకు 20 నిమిషాల చొప్పున రాయమన్నారు. అలా రాసినవారికి మిగిలినవారికన్నా త్వరగా కొత్త ఉద్యోగాలు దొరికాయి. వీరు ఎక్కువ దరఖాస్తులు పంపినందువల్ల వచ్చిన తేడా కాదది. పాత ఉద్యోగం పట్ల, కొత్త ఉద్యోగం వెతుక్కోవడం పట్ల వారి వైఖరి మారినట్లు పరిశోధకులు గమనించారు. అధ్యయనం చిన్నదే, దాన్ని మంత్రంలా నమ్మనక్కర్లేదు. అయినా మీరు ఇంటర్వ్యూలో ఆపుకోలేక చెబుతున్నదంతా ముందే కాగితం మీదికి దించితే, అక్కడ చెప్పాలన్న తహతహ తగ్గుతుంది. రాసింది ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఆ తరువాత సాధన చేయండి. అద్దం ముందు కన్నా మనిషి ముందు చేయడం మేలు. 1980లలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉద్యోగాలు పోయినవారి కోసం ఒక శిక్షణ కార్యక్రమం రూపొందించి, 1989లో దాని ఫలితాలు ప్రచురించారు. అందులో పాల్గొన్నవారు చిన్న బృందాలలో ఇంటర్వ్యూలను అభినయించి చూసుకునేవారు. ఎదురుకాబోయే తిరస్కారాలను ముందే ఊహించి, అవి ఎదురైతే ఏం చేయాలో సిద్ధం చేసుకునేవారు. పాల్గొననివారికన్నా వారికి మెరుగైన ఉద్యోగాలు దొరికాయి, మానసిక స్థితి కూడా మెరుగ్గా ఉంది. మీరూ ఒక పాత సహోద్యోగిని కూర్చోబెట్టుకుని, అతనితో కష్టమైన ప్రశ్నలే అడిగించుకోండి. "మీ విభాగంలో కొందరిని వేరే విభాగాలకు మార్చారట కదా, మిమ్మల్ని ఎందుకు మార్చలేదు?" అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా నొప్పించగలిగేది అదే. నిజంగా ఎవరినీ మార్చకపోతే ఆ మాటే చెప్పండి. మార్చి ఉంటే, "నా నైపుణ్యానికి సరిపడే ఖాళీలు ఆ విభాగాలలో లేవు" వంటి నిజమైన కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి.

ప్రశ్న: నాది లేఆఫ్ కాదు. కొత్త మేనేజర్ వచ్చాక నా పనితీరు సరిగా లేదని మూడు నెలల గడువు ఇచ్చి, ఆ గడువు ముగియగానే తీసేశారు. నేనే రాజీనామా చేసినట్లు చెప్పమని స్నేహితులు సలహా ఇస్తున్నారు. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. నిజం చెబితే ఉద్యోగం రాదేమోనని భయం.

జవాబు: మీ స్నేహితుల సలహా పాటించవద్దు. ఆ అబద్ధం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే చేతికి వచ్చిన ఆఫర్ పోతుంది, చేరిన తరువాత బయటపడితే ఆ ఉద్యోగమూ పోతుంది, ఈసారి చెప్పుకోవడానికి ఇంకా కష్టమైన కారణంతో. ఇంటర్వ్యూలో అబద్ధం మోస్తున్న మనిషి తేలికగా మాట్లాడలేకపోవడం మరో నష్టం. అయితే నిజం చెప్పడం వేరు, ఉన్నదంతా చెప్పడం వేరు. మీరు చెప్పే ప్రతి మాటా నిజమై ఉంటే చాలు, జరిగిన ప్రతి సంగతీ చెప్పవలసిన పని లేదు.

ముందుగా రెండు విషయాలు తేల్చుకోండి. సంస్థ ఇచ్చిన కాగితాలలో ఏమని రాసి ఉందో చదవండి. కొన్ని సంస్థలు ఇటువంటి సందర్భాలలో ఉద్యోగి చేత రాజీనామా రాయించుకుంటాయి. రికార్డులో రాజీనామా అని ఉంటే ఆ మాట అనడం అబద్ధం కాదు, కానీ దాని వెనుక ఏం జరిగిందని అడిగితే మాత్రం నిజమే చెప్పాలి. వెళ్లేటప్పుడు ఏదైనా ఒప్పందం మీద సంతకం చేసి ఉంటే, సంస్థ గురించి బయట మాట్లాడకూడదన్న షరతు అందులో ఉందేమో చూసుకోండి. రెండోది, పాత సంస్థను ఎవరైనా సంప్రదిస్తే ఏం చెబుతారని హెచ్‌ఆర్ వారిని మర్యాదగా అడగండి. పనిచేసిన తేదీలు, హోదా తప్ప ఇంకేమీ చెప్పని సంస్థలు చాలా ఉన్నాయి. మీ భయంలో కొంత భాగం ఆ ఒక్క ఫోన్ కాల్‌తోనే తగ్గవచ్చు.

ఇక జవాబు. పనితీరు బాగాలేదన్న మాటకు అసలు అర్థమేమిటో మీకు మీరే నిజాయితీగా తేల్చుకోవడం ఇందులో అన్నిటికన్నా కష్టమైన భాగం. పని నైపుణ్యం చాలలేదా, ఉద్యోగం స్వరూపమే మారి మీకు సరిపడని పని వచ్చిపడిందా, లేక ఏం ఆశిస్తున్నారో మేనేజర్‌కూ మీకూ మధ్య స్పష్టత లేదా? ఇది తేలకుండా తయారుచేసుకున్న వాక్యం, ఎంత నేర్పుగా చెప్పినా, రెండో ప్రశ్నకే కూలిపోతుంది. తేలాక ఇలా చెప్పవచ్చు: "అక్కడ నా బాధ్యతలు గత ఏడాది మారాయి. రిపోర్టులు తయారుచేసే పని నుంచి నేరుగా ఖాతాదారులతో వ్యవహరించే పనికి మార్చారు. అందులో వారు ఆశించిన వేగాన్ని నేను అందుకోలేకపోయాను, దాంతో నన్ను తొలగించారు. ఆ తరువాత నా బలం విశ్లేషణలోనే ఉందని స్పష్టమైంది. ఈ మధ్యలో డేటా విశ్లేషణలో ఒక కోర్సు పూర్తి చేశాను. మీ ప్రకటన నన్ను ఆకర్షించింది అందుకే."

"అందుకోలేకపోయాను" అన్న మాట దగ్గర మీ గొంతు తగ్గుతుంది. తగ్గనివ్వకండి. తన లోపాన్ని మామూలు స్వరంతో చెప్పగలిగిన మనిషిని, ఏ లోపమూ లేదని వాదించే మనిషికన్నా ఎక్కువగా నమ్ముతారు. కొత్త మేనేజర్ వచ్చాకే ఇదంతా జరిగిందని చెప్పాలన్న కోరికను అణచుకోండి. రిఫరెన్స్ అడిగితే, అంతకు ముందున్న మేనేజర్ పేరు ఆయన అనుమతితో ఇవ్వండి. మీ పనిని ఎక్కువకాలం చూసినవారు ఆయనే అయితే అది న్యాయం కూడా.

ప్రశ్న: నా వయసు 46. ఉద్యోగం పోయి ఐదు వారాలైంది. నా భార్యకు, చదువుకుంటున్న ఇద్దరు పిల్లలకు, మాతోనే ఉండే నాన్నగారికి ఇంకా చెప్పలేదు. రోజూ ఎప్పటిలాగే ఉదయం బయలుదేరి, లైబ్రరీలో కూర్చుని దరఖాస్తులు పంపి, సాయంత్రం ఇంటికి వస్తున్నాను. కొత్త ఉద్యోగం దొరికాక ఒకేసారి చెబుదామనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా భయంగా ఉంది.

జవాబు: ఈ వారంలోనే చెప్పండి. వీలైతే ఈ ఉత్తరం చదివిన రోజే. ఇప్పుడు మీ దగ్గర చెప్పవలసిన విషయాలు రెండు ఉన్నాయి: ఉద్యోగం పోయిందన్నది ఒకటి, ఐదు వారాలు దాచానన్నది మరొకటి. మొదటిది మీరు చేసింది కాదు, దాని బరువు ఇక పెరగదు. రెండోది రోజూ పెరుగుతోంది. మీ ఆవిడ చివరికి ఎక్కువగా బాధపడేది బహుశా రెండోదానికే.

ముందు ఆమెకు, ఒంటరిగా, పిల్లలూ పెద్దవారూ దగ్గర లేనప్పుడు చెప్పండి. మొదటి వాక్యంలోనే విషయం ఉండాలి. "నీకో సంగతి చెప్పాలి, కంగారు పడకు" అంటూ మొదలుపెట్టి పది నిమిషాలు చుట్టూ తిరిగితే, ఆ పది నిమిషాలలో ఆమె అంతకన్నా ఘోరమైనవన్నీ ఊహించుకుంటుంది. "నా ఉద్యోగం పోయింది. ఐదు వారాలైంది. నిన్ను కంగారు పెట్టకూడదని దాచాను, అలా దాచకుండా ఉండవలసింది" అంటే చాలు. ఆ తరువాత ఆమెను మాట్లాడనివ్వండి. ఆమెకు కోపం రావచ్చు, ఆ కోపానికి హక్కు ఉంది. ఆ సమయంలో మీరు పడిన కష్టమంతా ఏకరువు పెట్టి ఆమె చేతే మీరు ఓదార్పు పొందాలని చూడకండి. దానికి మరో రోజు ఉంటుంది.

వెళ్లేటప్పుడు ఒక కాగితం వెంట ఉంచుకోండి. చివరి జీతం ఎప్పుడు వచ్చింది, సంస్థ నుంచి ఇంకా రావలసింది ఎంత, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది, కట్టవలసిన వాయిదాలు ఏమిటి, ఇప్పటివరకు ఎక్కడెక్కడ దరఖాస్తు చేశారు, ఇవన్నీ అందులో రాయండి. అంకెలు ఎంత చిన్నవైనా, అంకెలే తెలియకుండా పడే భయం కన్నా అవి నయం. ఖర్చులు ఎక్కడ తగ్గించాలో మీరే నిర్ణయించి ప్రకటించకుండా ఇద్దరూ కలిసి ఆలోచించండి.

నాన్నగారికి మరునాడు ఇద్దరూ కలిసి చెప్పండి. పిల్లలకు వారి వయసుకు తగ్గట్టు చెప్పాలి గానీ, మొత్తానికే దాచకూడదు. ఇంట్లో పెద్దల గొంతులు మారినట్లు పిల్లలు ముందే పసిగడతారు, కారణం తెలియకపోతే అది తమ వల్లనేమో అనుకుంటారు. "నాన్న పనిచేసే చోట చాలామందిని పంపించేశారు, నాన్న కొత్త ఉద్యోగం వెతుకుతున్నాడు, కొన్నాళ్లు మనం కొన్ని ఖర్చులు తగ్గించుకుంటాం, మీ చదువు ఆగదు" అన్న మాటలు చిన్నపిల్లలకు సరిపోతాయి. చదువు ఆగదన్న మాట నిజమైతేనే చెప్పండి.

మరొక్క సంగతి. ఉదయాన్నే బయలుదేరి లైబ్రరీకి వెళ్లే అలవాటును మానవద్దని నా సలహా. 1930లలో ఆస్ట్రియాలోని మారియెంటాల్ అనే ఊరిలో బట్టల మిల్లు మూతపడి, దాదాపు ఊరంతా పని కోల్పోయినప్పుడు, మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడ అధ్యయనం చేసి 1933లో ప్రచురించారు. బోలెడంత తీరిక దొరికినా ఆ ఊరివారు గ్రంథాలయం నుంచి తీసుకునే పుస్తకాల సంఖ్య తగ్గిపోయింది, వీధిలో మగవారి నడక కూడా నెమ్మదించింది. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక క్రమాన్ని, నలుగురితో కలవడాన్ని, ఒక ఉద్దేశాన్ని ఇస్తుందని యహోడా తరువాతి రచనలలో వివరించారు. మీరు ఆ క్రమాన్ని నిలుపుకున్నారు, అది మీ బలం. రేపటి నుంచి ఇంట్లో అందరికీ తెలిసేలా, అదే వేళకు బయలుదేరండి.

ప్రశ్న: నేను 16 ఏళ్లుగా పాఠశాలలో సైన్స్ టీచర్‌ని. ఉద్యోగులకు శిక్షణ కోర్సులు తయారుచేసే రంగంలోకి మారాలనుకుంటున్నాను. "ఇన్నేళ్ల తరువాత ఇప్పుడెందుకమ్మా?" అని ఇంటర్వ్యూలలోనూ, బంధువులూ అడుగుతున్నారు. పిల్లలతో విసిగిపోయానని అనుకుంటున్నారు. నా మాటలో నమ్మకం వినిపించాలంటే ఏం చెప్పాలి?

జవాబు: పాతదానికీ కొత్తదానికీ మధ్య తెగిపోనిది ఏమిటో మీరు చూపించగలిగితే ఆ ప్రశ్నలో పదును పోతుంది. ఎక్కడి నుంచి పారిపోతున్నారని వారు వెతుకుతున్నారు, ఏది వెంట తీసుకువెళుతున్నారో మీరు చెప్పండి. పదహారేళ్లలో మీరు చేసిన పనిని కొత్త రంగం మాటలలోకి మార్చి రాసుకుని చూడండి. పాఠం చెప్పే ముందు విద్యార్థికి ఏం వచ్చో తెలుసుకోవడం ఆ రంగంలో అవసరాల విశ్లేషణ. ఏడాది పాఠాలను వరుసగా అమర్చుకోవడం కోర్సు రూపకల్పన. పరీక్షలో ఎక్కువమంది ఒకే చోట తప్పు చేస్తే ఆ పాఠాన్ని మార్చి చెప్పడం మూల్యాంకనం, సవరణ. ఇవి మీరు కల్పించుకుంటున్నవి కావు, ఇన్నాళ్లూ వేరే పేర్లతో చేస్తూ వచ్చినవే.

"విద్యుత్తు పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో గమనించి, ఆ పాఠాన్ని మూడు చిన్న ప్రయోగాలుగా మార్చాను, తరువాతి పరీక్షలో ఆ తప్పులు తగ్గాయి. ఇటువంటి పనే పెద్దల కోసం, పూర్తి సమయం చేయాలనుకుంటున్నాను" అని మీ సొంత తరగతి నుంచి ఒక ఉదాహరణ చెబితే, ఆసక్తి, అభిరుచి వంటి పెద్ద మాటలకన్నా గట్టిగా నిలుస్తుంది.

అయితే మాటల వెనుక ఒక రుజువు ఉండాలి. కెరీర్ మార్పులపై చాలా ఏళ్లుగా పరిశోధిస్తున్న ప్రొఫెసర్ హెర్మీనియా ఇబార్రా గమనించినది ఏమిటంటే, మార్పులో నెగ్గినవారు ముందు తమ అసలు కోరిక ఏమిటో పూర్తిగా తేల్చుకుని తరువాత అడుగు వేసినవారు కారు. చిన్న చిన్న ప్రయత్నాలు చేస్తూ, కొత్త రంగంలోని మనుషులను కలుస్తూ, చేసే క్రమంలోనే తేల్చుకున్నవారు. మీరూ ఉద్యోగంలో ఉండగానే ఒక స్వచ్ఛంద సంస్థకో, తెలిసినవారి చిన్న సంస్థకో అరగంట శిక్షణ కోర్సు ఒకటి తయారుచేసి ఇవ్వండి. "మారాలనుకుంటున్నాను" అనే మనిషి మాటకూ, "ఇది నేను చేసింది, చూడండి" అనే మనిషి మాటకూ చాలా తేడా ఉంటుంది. మొదట్లో జీతం తగ్గవచ్చు, మీకన్నా చిన్నవారి కింద పనిచేయవలసి రావచ్చు. వాటికి సిద్ధమేనా అని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. ఆ జవాబు ఇంట్లో లెక్క చూసుకున్నాకే ఇవ్వండి.

బంధువులకు ఇంత వివరం అక్కర్లేదు. "పాఠాలు చెప్పడమే, ఈసారి పెద్దవాళ్లకి" అంటే సరిపోతుంది.

ప్రశ్న: ఏడాదికి పైగా ఖాళీగా ఉన్నాను. మొదటి కొన్ని నెలలు ఇంట్లో జబ్బుగా ఉన్నవారిని చూసుకోవలసి వచ్చింది, తరువాత వెతికినా దొరకలేదు. పరిచయస్తులను సాయం అడగాలంటే సిగ్గుగా ఉంది, దగ్గరివారు ఇప్పటికే చేయగలిగింది చేశారు. రెజ్యూమేలో ఈ గ్యాప్‌ను ఎలా చూపించాలి?

జవాబు: గ్యాప్ నష్టం చేస్తుందన్న మాట నిజమే, అది పట్టించుకోనక్కర్లేదని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్లవుతుంది. అమెరికాలో కోరీ క్రాఫ్ట్, ఫాబియన్ లాంగే, మాథ్యూ నోటోవిడిగ్డో సుమారు 12,000 కల్పిత రెజ్యూమేలను సుమారు 3,000 ఉద్యోగ ప్రకటనలకు పంపి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఖాళీగా ఉన్న కాలం పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి. కానీ ఆ తగ్గుదల ఎక్కువగా మొదటి 8 నెలలలోనే కనిపించింది, ఆ తరువాత పెద్దగా తగ్గలేదు. స్వీడన్‌లో స్టెఫాన్ ఎరిక్సన్, డాన్-ఊలోఫ్ రూత్ 2014లో ప్రచురించిన ఇటువంటి ప్రయోగంలో మరో సంగతి తేలింది: ఒకప్పుడు ఖాళీగా ఉండి, తరువాత మళ్లీ పనిలో చేరినవారి పాత గ్యాప్‌ను యజమానులు పట్టించుకోలేదు. అంటే తాత్కాలికమైనదైనా, పార్ట్ టైమ్‌దైనా ఒక పని దొరికితే వదులుకోకండి. అది ఆ ఖాళీని గతంలోకి నెడుతుంది.

రెజ్యూమేలో తేదీలను దాచే ప్రయత్నం చేయవద్దు. "కుటుంబ సభ్యుల ఆరోగ్య సంరక్షణ కోసం విరామం" అని నెలలు, సంవత్సరంతో ఒక పంక్తి రాసి, ఆ కాలంలో చదివినది, చేసినది ఏదైనా ఉంటే దాని కింద మరో పంక్తి రాయండి. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి కెరీర్ విరామాన్ని ప్రత్యేకంగా నమోదు చేసే వీలుంది, అదీ వాడుకోవచ్చు. ఇంటర్వ్యూలో ఆ జబ్బు వివరాలలోకి వెళ్లవద్దు. "ఇప్పుడు ఆ బాధ్యత తీరింది, పూర్తి సమయం పనిచేయగలను" అన్న మాట మాత్రం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే వారు అడగకుండానే మనసులో పెట్టుకునే సందేహం అదే.

ఇక సిగ్గు గురించి. దగ్గరివారు చేయగలిగింది చేశారన్నారు. సరిగ్గా ఇక్కడే దూరపు పరిచయాలు అవసరమవుతాయి. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పినట్లు, పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నవారిలో దాదాపు 17 శాతం మందికే తరచుగా కలిసే మనిషి నుంచి ఆ కబురు అందింది. మిగిలినవారికి అది అప్పుడప్పుడో, చాలా అరుదుగానో కలిసేవారి నుంచి వచ్చింది. మన దగ్గరివారికి తెలిసిన సంగతులు చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి, దూరపువారు వేరే లోకంలో తిరుగుతుంటారు. లింక్డ్‌ఇన్‌లో 5 ఏళ్ల పాటు 2 కోట్ల మందిపై జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరివారు, మరీ దూరపువారు కాకుండా, మధ్యస్థంగా పరిచయమున్నవారి ద్వారా ఎక్కువమంది ఉద్యోగాలు మారినట్లు అందులో తేలింది. పాత సహోద్యోగులు, కలిసి చదువుకున్నవారు, ఒకప్పటి ఖాతాదారులు ఆ కోవలోకి వస్తారు.

వారిని ఉద్యోగం ఇప్పించమని అడగకండి. అది ఇవ్వలేనివారు ఇబ్బందిపడి జవాబే ఇవ్వరు. వారికి తెలిసినది అడగండి: "నమస్కారమండీ, ఫలానా ప్రాజెక్టులో మనం కలిసి పనిచేశాం. ఏడాదిగా కుటుంబ కారణాల వల్ల విరామంలో ఉన్నాను, ఇప్పుడు అకౌంట్స్ రంగంలో మళ్లీ పని చూసుకుంటున్నాను. మీ సంస్థలో ఆ విభాగం ఎలా ఉంది, ఎటువంటి నైపుణ్యం అడుగుతున్నారు, మీకు వీలున్నప్పుడు పది నిమిషాలు మాట్లాడగలరా?" ఇలా అడిగితే మీకూ చిన్నతనం ఉండదు, వారికీ భారం ఉండదు.

ప్రశ్న: నా ఆప్తమిత్రుడి ఉద్యోగం పోయింది. వాడితో ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ చేయడం వాయిదా వేస్తున్నాను.

జవాబు: ఈ రోజే చేయండి. ఉద్యోగం పోయినవారు చాలామంది చెప్పేదేమిటంటే, ఎవరో తప్పుగా మాట్లాడినందుకన్నా, తెలిసీ మాట్లాడనివారి మౌనం వారిని ఎక్కువగా నొప్పించింది. "విన్నాను రా, చాలా బాధగా అనిపించింది" అనండి, తరువాత వినండి. "ఏదీ ఊరికే జరగదు", "ఇంకా మంచిది వస్తుందిలే" వంటి మాటలు ఆ రోజుకు వద్దు. "ఏమైనా దొరికిందా?" అని ప్రతిసారీ అడగడం కూడా వద్దు, దొరికితే వాడే చెబుతాడు. వాడు అడిగితే రెజ్యూమే చదివి పెట్టండి, ఇంటర్వ్యూ సాధనకు ఎదురుగా కూర్చోండి, పైన చెప్పిన కష్టమైన ప్రశ్నలు మొహమాటపడకుండా అడగండి. మీకు తెలిసినవారిలో ఇద్దరికి వాడి గురించి మీరే రాసి, వాడి అనుమతితో ఇరువైపులా పరిచయం చేయండి.